లెక్కలత్త స్లైడు

మా అత్త ఏదైనా అడిగితే నాకు ముందు కోపం వస్తుంది, తర్వాత నవ్వొస్తుంది, ఆ తర్వాత వారమంతా అదే ఆలోచన పట్టుకుని వేలాడుతుంది. ఆ ఆదివారం మాత్రం కోపం దగ్గరే ఆగిపోయాను.

"నాది ఎంత గోధుమరంగులో ఉందో కాస్త చూసి చెప్పవే," అంది, ఇస్త్రీ చేస్తున్న దుప్పటి మీంచి తల ఎత్తకుండా.

అత్తంటే మా నాన్నకి అక్క. ఉద్యోగమంతా హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది కాబట్టి మా ఇంట్లో పిల్లలకీ పెద్దలకీ ఆవిడ లెక్కలత్తే. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే తీరిక దొరకలేదంటుంది. కొన్నేళ్ళ కిందట ఊపిరితిత్తిలో బఠాణీ గింజంత కణితి కనబడితే మా ఆసుపత్రిలోనే ఆపరేషన్ చేసి తీసేశారు. కేన్సరే. సిగరెట్ వాసనకే ముక్కు మూసుకునే మనిషికి ఇదెలా వచ్చిందని మేమంతా ఏడుస్తుంటే, అలాంటివాళ్ళు వందలో ఎంతమందని సర్జన్ని పట్టుకుని అడిగింది. అప్పట్నుంచి స్కానింగులన్నీ బాగానే వస్తున్నాయి. ఆ ఆసుపత్రిలో నేను పెథాలజిస్టుని. అంటే రోగుల మొహాలు చూడకుండా వాళ్ళ ఒంట్లోంచి తీసిన ముక్కలు చూసే డాక్టర్ని.

గోధుమరంగు గొడవకి కారణం నేనే. అంతకుముందు వారం భోజనాల దగ్గర నోరు ఊరుకోక మా కొత్త అధ్యయనం సంగతి చెప్పాను. కోసి తీసిన ప్రతి కణితిలోంచి కొంత ముక్కని మైనంలో పోతపోసి దాస్తాం. దాన్ని బ్లాకంటాం. మా నేలమాళిగలో సొరుగుల నిండా అవే. ఎన్నేళ్ళయినా చెడవు. కావాలనుకున్నప్పుడు ఉల్లిపొరకన్నా పల్చటి పొర ఒకటి కోసి, గాజుపలక మీద పరిచి, అంటే స్లైడు చేసి, రంగులు వేసి చూసుకోవచ్చు.

కణితిలో కణాలన్నీ ఒక తీరుగా ఉండవు. చాలావాటికి పెరగడం, చావడం తప్ప ఇంకో విద్య రాదు. కొన్ని మాత్రం మూలకణాల బుద్ధి పుణికిపుచ్చుకుని, ఎక్కడ పడేసినా మళ్ళీ మొదట్నుంచి కాపురం పెట్టగలవని మా అనుమానం. అలాంటి కణం మీద ఒక ప్రోటీన్ ఉంటుంది. దాన్ని మార్కర్ అంటాం. అదున్న కణం మా మందు తగిలితే గోధుమరంగుకి తిరుగుతుంది, లేనిది నీలంగా ఉండిపోతుంది. గోధుమరంగు ఎక్కువున్నవాళ్ళకి జబ్బు తిరగబెట్టిందా, తక్కువున్నవాళ్ళు హాయిగా ఉన్నారా, పాత బ్లాకులన్నీ తీసి చూద్దామన్నదే అధ్యయనం. పరిశోధనకి తన కణితి వాడుకోవచ్చని అత్త ఆపరేషన్ నాడే సంతకం పెట్టింది. ఆ మాట ఆవిడకి బాగా గుర్తుంది.

"చూడకూడదత్తా," అన్నాను. "స్లైడు మీద నంబరు తప్ప పేరుండదు. ఎవరిదేదో మాకు చెప్పరు."

"ఎందుకు చెప్పరూ?"

"తెలిస్తే మా కళ్ళు మా మాట వినవు. బతికున్నవాళ్ళది తక్కువ కనిపిస్తుంది, పోయినవాళ్ళది ఎక్కువ కనిపిస్తుంది. అయినా ఇది గుంపు గురించి. ఒక్కో మనిషికీ చెప్పడానికి ఇదేం చిలకజోస్యం కాదు."

ఇస్త్రీపెట్టె నిలబెట్టి నా వైపు చూసింది. "సగటు గురించి నువ్వు నాకు చెప్తున్నావా? ఇన్నేళ్ళు పాఠం చెప్పాను, క్లాసు సగటు మార్కులు సరిగ్గా తెచ్చుకున్న పిల్ల ఒక్కతీ నాకు తగల్లేదు. అందుకే నాది అడుగుతున్నా."

"ఇప్పుడెందుకు తెలియాలి నీకు?"

"తాళాలాయన నన్ను పెళ్ళి చేసుకుంటారా అని అడిగారు."

తాళాలాయన అత్తవాళ్ళ అపార్టుమెంట్లోనే కింద, మెట్ల పక్కన చిన్న కొట్టు పెట్టుకున్నాడు. గోడంతా తాళంచెవులు. తాళం రాకపోతే చెవి ఆనించి విని, ఎక్కడ పట్టేసిందో చెప్తాడు. భార్య పోయి కొన్నేళ్ళయింది. ఆమెదీ కేన్సరే. ఆ రోజుల్లో కొట్టు మూసేసి ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఎప్పుడు చూసినా ఆయనే ఉండేవాడు. నేను లిఫ్టు దగ్గర కనబడితే లేచి నిలబడేవాడు. ఆమె పోయాక అత్త ఇంట్లో తలుపులకీ బీరువాలకీ ఏవేవో రోగాలు రావడం, ఆయన పైకి రావడం మొదలైంది. మాకెవరికీ అనుమానమే రాలేదు. అత్త వస్తువులు ఏనాడూ పాడవ్వవన్న సంగతి మేం గమనించి ఉండాల్సింది.

"నీకిష్టమేనా?" అన్నాను.

"ఇష్టం లేకపోతే నిన్నెందుకడుగుతానే, మొద్దూ? అప్పుడే వద్దని చెప్పి పంపేసేదాన్ని." గొంతు తగ్గించింది. "ఆయన వాళ్ళావిణ్ణి పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకున్నారు. చివర్లో చెంచాతో నీళ్ళు పట్టారు. ఆ పని ఇంకోసారి ఆయన నెత్తిన పెడితే అన్యాయం కదా? నాది ఎక్కువుంటే వద్దంటాను. తక్కువుంటే సరేనంటాను. లెక్క తేలికే."

"లెక్క తేలికే, జవాబు నా దగ్గర లేదు," అని విసుక్కుని వచ్చేశాను. బస్సులో సగం దారి దాకా కోపంగానే ఉన్నాను. మిగతా సగం దారీ నాకూ అదే ప్రశ్న. ఎంత ఉండుంటుంది?

మా పనిలో ఉన్నవాళ్ళకో జబ్బుంది. మనుషుల పేర్లు మరిచిపోతాం, పెళ్ళిరోజులు మరిచిపోతాం, ఒకసారి శ్రద్ధగా చూసిన స్లైడుని మాత్రం మరిచిపోమని గొప్పలు పోతాం. అత్త ఆపరేషనప్పుడు ఆ స్లైడు నాకివ్వలేదు, సొంతవాళ్ళది చూడకూడదు కదా. మా విభాగానికి పెద్దాయన ఒకాయన ఉన్నారు, ఆయనే చూశారు. నేను ఆయన భుజం మీంచి ఒక్కసారి తొంగిచూశాను. కణితి పక్కన నెలవంకలా వంగిన చిన్న మృదులాస్థి ముక్క, దాని కొనకి ఆనుకుని పొగచూరిన నల్లటి మరక. అంతే చూసింది. అది నా మనసులో అచ్చయిపోయింది.

నంబర్ల స్లైడులు ట్రేలు ట్రేలుగా రావడం మొదలైంది. ఒక సెట్టు నేను చూస్తాను, అదే సెట్టు విడిగా పెద్దాయన చూస్తారు. కణితిలో గోధుమరంగు కణాలు నూటికి ఎన్నున్నాయో అంచనా వేసి, ఎక్కువ, తక్కువ అని రెండు గుంపులుగా విడగొట్టాలి. ఒకరి మార్కులు ఒకరికి చూపించం. ఏ నంబరు ఎవరిదో తెలిసిన మనిషి ఒక్కతే, పై అంతస్తులో కూర్చునే గ్రాఫులమ్మాయి. ఆమె గణాంకాలు చూస్తుంది, టీ తాగదు, కబుర్లు చెప్పదు. ఆ పనికి అలాంటివాళ్ళే కావాలి.

ఒకరోజు మధ్యాహ్నం భోజనం చేసొచ్చి ట్రేలోంచి తర్వాతి స్లైడు తీసి పెట్టాను. నెలవంక. దాని కొనకి నల్లటి మరక.

ఆ క్షణంలో నేను చెయ్యాల్సింది ఒక్కటే: స్లైడు తీసి పక్కన పెట్టి, ఇది మావాళ్ళది, నేను చూడనని చెప్పాలి. చెయ్యి దాకా ఆ ఆలోచన రాలేదు. కళ్ళు అప్పటికే లోపలికి దిగిపోయాయి. కణితి నడిమధ్యకి వెళ్ళాను. నీలం. పక్కకి జరిపాను. నీలం, నీలం, అక్కడక్కడా ఒక గోధుమరంగు చుక్క. ఇంకా వెతకాలనిపించలేదు. 'తక్కువ' అని రాసేసి కుర్చీ వెనక్కి జరిపి పిచ్చిదానిలా నవ్వుకున్నాను.

అత్తకి ఒక్క మాట కూడా చెప్పలేదు, ఒట్టు. కాకపోతే ఆ ఆదివారం వాళ్ళింట్లో అంట్లు తోముతూ కూనిరాగం తీశానట. జన్మలో అంట్లు తోమని దాన్ని. అత్త గుమ్మంలో నిలబడి నన్ను కిందనుంచి మీదకి చూసింది, ఏమీ అడగలేదు. నేను చెప్పులేసుకుంటుంటే మాత్రం, "బుధవారం సాయంత్రం రా. బీరువా తాళం పట్టేసింది, ఆయన వస్తానన్నారు. ఆరోజు జవాబు చెప్పేస్తాను. మావాళ్ళంటూ ఒకళ్ళుండాలి కదా," అంది.

నాకు చాలా సంతోషమేసింది. నా మొహం చూసి అత్త తన జీవితాన్ని తేల్చేసుకుంటోందన్న సంగతి బస్సెక్కాక గానీ తట్టలేదు. తట్టాక కూడా, పోన్లే, నిజమే కదా అనుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం పెద్దాయన పిలిచారు. మా ఇద్దరి మార్కులూ కలవని స్లైడుల్ని కలిసి చూడాలి. దానికి రెండు వైపులా కళ్ళు పెట్టుకునే మైక్రోస్కోపు ఒకటుంది, ఎదురెదురుగా కూర్చుంటాం. ఆయన బిస్కెట్ తింటూ చూస్తారు, పొడి అంతా స్లైడు మీదే పడుతుంది.

"ఇది చూడమ్మాయ్. నువ్వు తక్కువన్నావు, నేను ఎక్కువన్నాను. ఎవరికి కళ్ళద్దాలు మార్చాలో తేలుద్దాం."

నెలవంక.

"నువ్వు నడిమధ్యలో చూసి లేచిపోయావు," అన్నారు ఆయన. స్లైడుని మెల్లగా అంచుకి జరిపారు, కణితి మంచి కణజాలంలోకి చొచ్చుకుపోతున్న చోటికి. "ఎప్పుడూ గట్టు మీద చూడాలి. వలస పోయేవి అక్కడే ఉంటాయి."

అంచు పొడవునా గోధుమరంగే. గుంపులు గుంపులుగా, నీలానికి ముందు నడుస్తున్నట్టు. చూడనందుకు సిగ్గేసింది, చూసినందుకు ఏడుపొచ్చింది. ఆయన కళ్ళెత్తి నా మొహం చూసి బిస్కెట్ పక్కన పెట్టేశారు.

"ఏమైందమ్మా?"

"సార్, ఇది మా అత్తది."

"ఎవరు చెప్పారు?"

"గుర్తుపట్టాను. ఆ మృదులాస్థి చూడండి, నెలవంకలా. ఆ నల్ల మరక."

ఆయనకి కోపం వచ్చింది. అరవలేదు, అరిస్తే బాగుండేది. "గుర్తుపట్టానని అనిపించినప్పుడే పక్కన పెట్టాలా వద్దా? నీ చేతి కింద నేర్చుకునేవాళ్ళు ఈ పని చేస్తే ఊరుకుంటావా?" అన్నారు. తర్వాత ట్రేలోంచి ఇంకో స్లైడు తీసి పెట్టారు. అందులోనూ నెలవంక. ఇంకోటి పెట్టారు. అందులోనూ ఉంది, కాస్త లావుగా. "పెద్ద శ్వాసనాళం ఎక్కడుంటే అక్కడ ఇది ఉంటుంది. ఊళ్ళో గాలి పీల్చిన ప్రతివాడికీ ఆ మరక ఉంటుంది. ముక్కూ చెవులూ ఉన్నాయని దారినపోయే మనిషిని అత్త అనుకున్నట్టుంది నీ వరస."

అధ్యయనంలో సొంతవాళ్ళ స్లైడు ఉందంటే తేల్చుకోవాల్సిందే కాబట్టి ఆయన గ్రాఫులమ్మాయికి ఫోన్ చేశారు. నంబరు చెప్పి, ఇది మా డాక్టర్ అత్తగారిదా, అవునో కాదో అంతే చెప్పమన్నారు. స్పీకర్లో ఆమె గొంతు ఎప్పటిలాగే ఇస్త్రీ చేసినట్టు వచ్చింది.

"కాదు సార్. ఆవిడ బ్లాకు అసలు అధ్యయనంలోనే లేదు. రంగు వెయ్యక ముందే తీసేశాం."

"ఎందుకు తీసేశారు?" అన్నాను నేను.

"కణితి అయిపోయింది మేడమ్. చిన్నది కదా, అప్పట్లో రోగనిర్ధారణకీ జన్యుపరీక్షలకీ పొరలు కోసీ కోసీ ఉన్నదంతా వాడేశారు. ఇప్పుడు ఆ మైనంలో మిగిలింది మంచి ఊపిరితిత్తి ముక్క ఒక్కటే."

అంటే నేను మురిసిపోయింది ఎవరి స్లైడు చూసో. వణికిపోయిందీ ఎవరి స్లైడు చూసో. మా అత్తది ఎంతో ఈ భూమ్మీద ఎవరికీ తెలీదు, ఇక తెలిసే దారి కూడా లేదు. బ్లాకులో కణితి అయిపోవడం మాకు వారానికోసారి ఎదురయ్యే సంగతి, ఒక మాట రాసి సొరుగు మూసేస్తాం. ఆరోజు మాత్రం ఆ సొరుగు మూసుకున్న చప్పుడు నా లోపల వినిపించింది.

పని వదిలి నేరుగా అత్త ఇంటికి వెళ్ళాను. ఇంకా వెలుతురుంది. తాళాలాయన పడగ్గదిలో బీరువా తలుపుకి చెవి ఆనించి కూర్చున్నాడు. చొక్కా కొత్తది, మెడ దగ్గర గుండీ ఇబ్బంది పెడుతున్నట్టుంది. అత్త వంటింట్లో టీ కాస్తోంది. తల దువ్వుకున్న తీరు చూస్తేనే జవాబేమిటో తెలుస్తోంది.

తలుపు దగ్గరికి వేసి అంతా చెప్పేశాను. గుర్తుపట్టాననుకోవడం, కూనిరాగం, గట్టు మీద గోధుమరంగు, గ్రాఫులమ్మాయి మాట, అన్నీ. తిడుతుందని ఎదురుచూశాను. అత్త టీ సంగతి మరిచిపోయి స్టవ్ ముందు అలాగే నిలబడిపోయింది. కళ్ళు మాత్రం తరగతి గదిలో మంచి ప్రశ్న ఎదురైనప్పటిలా మెరుస్తున్నాయి.

"మొత్తం కోసేశారా? ఒక్క పొర కూడా లేదా?"

"లేదు."

"ఉన్న పాత స్లైడులకి ఈ రంగు వెయ్యకూడదా?"

"అవి అప్పటి పరీక్షలకి రంగులు పడ్డవి. పనికిరావు."

"అయితే జవాబు ఉండీ, ఎవరికీ దొరకదన్నమాట. తమాషాగా ఉందే!" అని కాసేపు ఆలోచించింది. మెల్లగా ఆ మెరుపు పోయింది. టీ పొంగితే స్టవ్ ఆపింది. "మరైతే వద్దని చెప్పేస్తాను. తెలీనప్పుడు ఆయన్ని అందులోకి దింపడం తప్పు."

"అత్తా, నీకు స్కానింగులన్నీ బాగున్నాయి కదా..."

"బాగున్నాయన్నది ఇవాళ్టి మాట. నాకు ముందు సంగతి కావాలి. అది లేనప్పుడు భారం మొయ్యమని ఏ మొహం పెట్టుకుని అడగనే?" పొంగిన టీ తుడవడానికి మసిగుడ్డ తీసి, తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడిచింది.

తలుపు మీద తట్టిన చప్పుడైంది. తాళాలాయన స్క్రూడ్రైవర్ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. చెవి ఆనించి పనిచేసే మనిషి ఉన్న ఇంట్లో గుసగుసలాడటం మా తెలివితక్కువ.

"టీచరుగారూ, బీరువాకి ఏ జబ్బూ లేదు," అన్నాడు.

"తెలుసు," అంది అత్త.

"నేను ఇవాళ మీ జవాబు వినేముందు ఒక మాట చెప్పాలని వచ్చాను. నిన్నట్నుంచీ ఎలా చెప్పాలా అని తిండి సయించలేదు. మా ఆవిడ పోయిన ఏడాదే నా గుండెలో రెండు స్టెంట్లు వేశారు. మెట్లెక్కితే ఇప్పటికీ మీ గుమ్మం ముందు కాసేపు ఆగే బెల్లు కొడతాను." ఆయన స్క్రూడ్రైవర్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "మీరు ఎన్నాళ్ళుంటారో చూసి నాకు అన్యాయం జరుగుతుందా లేదా అని లెక్కేస్తున్నారు. నాదెవరు లెక్కేస్తారండీ? మీకు చెంచాతో నీళ్ళు పట్టాల్సింది నేనే అని ఎలా తేల్చేశారు?"

అత్త మాటకి అడ్డం పడి గెలిచినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు. మొహం ముందు ఎర్రబడింది. తర్వాత ఆవిడకి కోపమొచ్చింది, తన మీద తనకే. అది స్పష్టంగా కనబడింది.

"రెండు తెలియని రాశులు," అంది. "రెండు తెలియని రాశులు పెట్టుకుని ఒక్కదానికే లెక్క కట్టాను. తొమ్మిదో తరగతి పిల్లలు కూడా చెయ్యరు ఈ తప్పు. చేస్తే గోడకుర్చీ వేయించేదాన్ని."

"ఇప్పుడు వద్దులెండి, మోకాళ్ళు నొప్పి," అన్నాడాయన.

అత్త నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత మళ్ళీ ఎప్పటి లెక్కలత్త అయిపోయింది: స్టెంట్లు ఏ గొట్టంలో వేశారు, ఎంత మూసుకుపోయింది, మందులేం వాడుతున్నారు, ఆ డాక్టరు చెప్పిన శాతం దేన్లో శాతం? ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని ఒక్కోదానికీ జవాబు చెప్పసాగాడు. నేను టీ వడకట్టి ఇద్దరి ముందూ పెట్టాను. నా కప్పు నింపుకోబోతుంటే అత్త నా వైపు తిరిగి, "నువ్వింక ఇంటికెళ్ళవే," అంది.

పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. ఆ సంతకాల దగ్గర కూడా ఆఫీసు గడియారం తప్పు చూపిస్తోందని అత్త గొడవపెట్టుకుంది.

ఎన్నాళ్ళకి ఎంతమంది మిగిలారో చూపించే మా గ్రాఫు చాలా నెలలకి తయారైంది. మేం చూసిన గుంపులో గోధుమరంగు ఎక్కువున్నవాళ్ళ గీత తక్కువున్నవాళ్ళ గీతకన్నా త్వరగా కిందకి దిగింది. ఇంకా పెద్ద గుంపులో చూస్తే గానీ గట్టిగా చెప్పలేం. అత్తకి చూపించడానికి ఒక కాయితం పట్టుకెళ్ళాను. భోజనాల బల్ల మీద పరిస్తే అత్తా, తాళాలాయనా దాని మీద వంగారు. 'ఎక్కువ' గుంపు గీత మీద, కుడివైపు చివర, గీతని కోస్తూ చిన్న చిన్న నిలువు గుర్తులున్నాయి.

"ఇవేంటే?"

"మేం ఆఖరిసారి కనుక్కున్నప్పటికి బతికున్నవాళ్ళు. అక్కడిదాకానే మాకు తెలుసు. ఆ తర్వాత సంగతి తెలీదు."

అత్త వాటి మీద వేలు పెట్టి జరుపుతూ వెళ్ళింది. "నేనని నువ్వు పొరబడ్డ ఆ మనిషి ఇందులో ఉందా?"

ఆ సంగతి నేను అంతకుముందే గ్రాఫులమ్మాయిని అడిగాను. అలాంటివి చెప్పకూడదంది. రెండోరోజు తనంతట తనే నా గదికొచ్చి, ఉన్నారని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది.

"ఉందట," అన్నాను.

"అమ్మయ్య," అంది అత్త. ఎవరో ఏమిటో తెలియని మనిషి కోసం అంత గట్టిగా ఊపిరి వదిలింది. తాళాలాయన తన కళ్ళద్దాలు తీసి అత్తకిచ్చాడు, గుర్తులు మరీ చిన్నవి. ఆవిడ వాటిని పెట్టుకుని ఆ చివరి గుర్తు తర్వాత మిగిలిన ఖాళీ కాయితాన్ని చాలాసేపు చూసింది.